మంద్రస్వరము చివరి వరుసకు చేరుట ఎట్లు?

బొబ్బిలి వీణకు ప్రక్కనే కూర్చుండి వినినవారికి అనుమంద్ర తంత్రి నాదము చెవికేగాక శరీరమునకును తెలియును. పనసకుండపై అరచేయి ఉంచినచో ఆ కంపము చేతికి తగులును. అదే వీణను పెద్ద పందిటిలో మైకు ముందు వాయించినప్పుడు, ఇరువది వరుసల వెనుక కూర్చున్నవానికి అది వేరొక వాద్యమువలె తోచును. మీటిన దెబ్బ టక్కుమని వినబడును. పై స్థాయి స్వరములు స్పష్టముగనే యుండును. వైణికుడు క్రింది స్థాయికి దిగినంతనే వ్రేళ్లు కదలుట కనబడును గాని స్వరము వినబడదు. మృదంగము గతియు ఇంతే. వలంతల పలుకులు చేరును. తొప్పి గుంకారము పందిరి స్తంభముల నడుమనే ఆగిపోవును.

"సౌండు పెంచవయ్యా!" అని వెనుకనుండి ఎవరో కేకవేయుదురు. మైకుసెట్టు కుర్రవాడు మీట త్రిప్పును. పెట్టె ఊళవేయును. మంద్రము మాత్రము రాదు.

దీనికి కారణమేమి? దోషము వైణికునిదా, మైకుదా, మన చెవిదా? ఈ ప్రశ్నకు సమాధానము భౌతికశాస్త్రములో కలదు. హైస్కూలు తరగతులలో మనము నేర్చు తరంగములు, విద్యుత్తు, అయస్కాంతము అను మూడు పాఠములును ఇచ్చట ఒకేచోట కలిసికొనును.

మంద్రమనగా ఎంత?

వీణకు వాయించు తంత్రులు నాలుగు: సారణి, పంచమము, మంద్రము, అనుమంద్రము. సారణిని సెకనుకు 160 కంపనములకు శ్రుతి చేసితిమనుకొందము. అప్పుడు పంచమ తంత్రి 120, మంద్ర తంత్రి 80, అనుమంద్ర తంత్రి 60 కంపనములు చేయును. సెకనుకు ఒక కంపనమును ఒక హెర్ట్జు అందురు. కావున ఈ వీణలో మిక్కిలి క్రింది స్వరము 60 హెర్ట్జులు.

శ్రీకాకుళము, విజయనగరము పట్టణములలో రాత్రివేళ జరుగు సినిమాపాటల కచేరీలలో బేస్ గిటారు అను వాద్యమును చూచియుందురు. దాని లావుపాటి తంత్రి సుమారు 41 హెర్ట్జులకు శ్రుతి చేయబడియుండును. వీణకు వచ్చిన చిక్కే దానికిని, మరికొంత హెచ్చుగా, వచ్చును.

ముప్పది డిగ్రీల వేడిగల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోవును. వేగమును కంపనసంఖ్యచే భాగించినచో తరంగదైర్ఘ్యము వచ్చును. 6,000 హెర్ట్జుల ధ్వనికి అది సుమారు 5.8 సెంటీమీటర్లు, 60 హెర్ట్జులకు సుమారు 5.8 మీటర్లు. మొదటిది అరచేతిలో ఇముడును. రెండవది ఒక తరగతిగది పొడవంత. మంద్రస్వరమును గూర్చిన చిక్కులన్నియు ఈ పొడవునుండియే పుట్టుచున్నవి.

చెవి చేయు పక్షపాతము

మన చెవి అన్ని కంపనములను సమానముగ ఆదరింపదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూపిరి. తక్కువ బిగ్గరదనములో వినుచున్నప్పుడు, 1,000 హెర్ట్జుల ధ్వనితో సమానముగ 60 హెర్ట్జుల ధ్వని వినబడవలెనన్న దానిని 30 డెసిబెల్లుల పైన హెచ్చించవలెను. ముప్పది డెసిబెల్లులనగా శక్తిలో వేయిరెట్లు. ధ్వని బలమగుకొలది ఈ వ్యత్యాసము తగ్గును.

తప్పెటగుళ్లవారి ఆట చూచినవారికి ఈ పక్షపాతము అనుభవమే. రొమ్మున కట్టుకొనిన చిన్న తప్పెట శబ్దము ఏ మైకు లేకయే ఊరి చివరివరకు వినబడును. దాని బలములో అధికభాగము చెవికి ఇష్టమైన కంపనములలో ఉండుటయే అందుకు ఒక కారణము. తొప్పికి ఆ అదృష్టము లేదు. దూరము పెరిగి సభలోని ధ్వని బలము తగ్గినకొలది, మొదట చెవికి అందకుండ పోవునది మంద్రమే. వెనుక వరుసవానికి వీణ సన్నగిల్లినట్లు తోచుటకు ఇది మొదటి కారణము.

అయితే చెవి మనకు ఒక మేలును చేయుచున్నది. ఒక తంత్రి మూలస్వరముతోబాటు దానికి రెండురెట్లు, మూడురెట్లు, నాలుగురెట్లు కంపనములుగల అనుస్వరములను కూడ ఇచ్చును. 60 హెర్ట్జుల తంత్రితో 120, 180, 240 కూడ పలుకును. మూలస్వరము పూర్తిగ లోపించినను, ఈ అనుస్వరముల వరుసను బట్టి చెవి, మెదడు కలిసి 60ని ఊహించుకొనును. అరచేతి రేడియోలో సైతము పాటలోని క్రింది స్వరములను మనము గుర్తించుట ఇందువలననే.

వీణ ఈ విషయములో భాగ్యశాలి. బాల్యమును విశాఖపట్నములో గడపిన చంద్రశేఖర వేంకట రామన్‌గారు, తరువాత కలకత్తాలో వీణ, తంబురాల గుఱ్ఱమును పరిశీలించి 1921లో ఒక పత్రము ప్రకటించిరి. ఈ గుఱ్ఱము వయొలిను గుఱ్ఱమువలె వాదరగా నుండదు. వెడల్పుగ, కొంచెము వంపుగ నుండును. కంపించు తంత్రి ఈ వంపును తాకుచు విడుచుచు పోవుటవలన అనుస్వరములు సమృద్ధిగ పుట్టును. మృదంగమునందలి అనుస్వరముల క్రమమునుగూర్చి 1920లోనే ఆయన ప్రకటించియుండిరి. కనుక వీణ మంద్రమును సభకు చేర్చుట యనగా 60ని మాత్రమే చేర్చుట కాదు. 120, 180, 240లను కూడ చెడకుండ చేర్చుట. ఇక్కడ మైకుసెట్టు పని ఆరంభమగును.

మైక్రోఫోను ఎచ్చట ఉంచవలెను?

మైక్రోఫోనులోని పల్చని పొర గాలికి కంపించి విద్యుత్తును పుట్టించును. సభలలో సాధారణముగ వాడు డైనమిక్ మైక్రోఫోనులో ఆ పొరకు అంటించిన తీగచుట్ట అయస్కాంతము నడుమ కదలును. సైకిలు డైనమోలో విద్యుత్తును పుట్టించు సూత్రమే ఇచ్చటను పనిచేయును.

ఈ మైక్రోఫోనులలో పెక్కింటికి ముందునుండి వచ్చు ధ్వని హెచ్చుగ, వెనుకనుండి వచ్చు ధ్వని తక్కువగ వినబడును. పొర వెనుకకును గాలికి దారి యుంచుటవలన ఈ గుణము వచ్చినది. అట్టి మైకు ముందువెనుకల ఒత్తిడిలోని భేదమును గ్రహించును. దీర్ఘతరంగములకు ఆ భేదము స్వల్పము; కనుక తయారుచేయువారు మంద్రమును హెచ్చించు ఏర్పాటును లోపలనే చేయుదురు. వాద్యము మిక్కిలి దగ్గరకు వచ్చినప్పుడు దూరభేదముచేతనే ముందువెనుకల ఒత్తిడులు వేరగును. ఈ భేదము మంద్రమునకును తారమునకును ఒకేవిధముగ కలుగును. లోపలి హెచ్చింపు దానికి తోడై మంద్రము ఉబ్బును. దీనిని సామీప్య ఫలితము అనవచ్చును.

ఇది ఉచితముగ లభించు మంద్రము. యాంప్లిఫయరు మీట త్రిప్పనక్కరలేదు. మైకును ఒక మూర దూరమునుండి ఒక జాన దూరమునకు తెచ్చిన చాలును. దగ్గరకు తెచ్చుటలో రెండవ లాభము కూడ కలదు. వాద్యధ్వని బలముగ చేరుటవలన మీటను తక్కువలో ఉంచవచ్చును, ఊళ తగ్గును. ఊళ యనగా స్పీకరు ధ్వని తిరిగి మైకులో పడి, మరల పెరిగి, మరల పడుచు తిరుగు చక్రమే గదా!

మరి మైకును కుండకు ఆనించినంత దగ్గర పెట్టరాదా? పెట్టరాదు. కుండ మీది పలక అంతయు ఒకేరీతిగ కంపింపదు. మిక్కిలి దగ్గరనున్న మైకుకు ఒక్క తావు కంపమే వినబడును, సమగ్రనాదము వినబడదు. చెవితో చోటు వెదకుట మేలు. ఒక చెవి మూసికొని, రెండవ చెవిని మైకు ఉంచదలచిన తావున ఉంచి వినవలెను. మీటు దెబ్బయు కుండ నాదమును సమపాళ్లలో వినబడు చోటు సాధారణముగ గుఱ్ఱమునకు ఎదుట ఒక జాన దూరమున దొరకును.

ఒక వాద్యమునకు రెండు మైకులు పెట్టినచో రెట్టింపు ధ్వని వచ్చునని కొందరి భ్రమ. ఒకే ధ్వని రెండు మైకులను వేరువేరు దూరములు నడచి చేరును. ఆ దూరభేదము అరతరంగమునకు సమానమైనచోట ఒకటి ఉబ్బుగా, రెండవది పల్లముగా ఉండి పరస్పరము చంపుకొనును. 600 హెర్ట్జులకు 29 సెంటీమీటర్ల భేదము చాలును. రెండు మైకులలో ఒకదాని తీగలు తారుమారైనచో మంద్రమంతయు ఒక్కసారిగ మాయమగును. కనుక ఒక వాద్యమునకు ఒక మంచి మైకు చాలును.

వాల్వు చేయు పని

మైకు ఇచ్చు విద్యుత్తు వోల్టులో వేయవవంతులలో ఉండును. స్పీకరును కదల్చుటకు అది చాలదు. ఈ అల్పశక్తిని పెంచు సాధనము మొదట శూన్యనాళము, అనగా వాల్వు. ఫ్లెమింగు 1904లో రెండు ధ్రువముల వాల్వును కనిపెట్టెను. 1906లో లీ డి ఫారెస్టు దానిలో మూడవదానిగ గ్రిడ్ అను తీగజల్లెడను చేర్చెను.

గాజుబుడ్డిలోని గాలిని తీసివేసి, లోపల కాథోడును వేడిచేయుదురు. వేడికి దానినుండి ఎలక్ట్రానులు వెలువడి, సుమారు 300 వోల్టుల ధనవిద్యుత్తు గల ప్లేటువైపు పరుగెత్తును. నడుమ గ్రిడ్ ఉండును. మన చెరువుల తూములో బిరడాను కొంచెము ఎత్తి దించుటతో పొలమునకు పారు నీరంతయు మారినట్లు, గ్రిడ్‌పై స్వల్పమైన వోల్టేజి మార్పు ప్లేటు విద్యుత్తును పెద్దగ మార్చును. 12ఏఎక్స్7 అను చిన్న వాల్వు ఒక్క మెట్టులోనే వోల్టేజిని సుమారు 50 రెట్లు పెంచగలదు. చివరి మెట్టున 6ఎల్6 వంటి పెద్ద వాల్వులు స్పీకరుకు శక్తినిచ్చును.

మెట్టుకు మెట్టుకు నడుమ కెపాసిటరు ఉండును. ఇది మంద్రమునకు మొదటి సుంకపుచౌకి. 0.02 మైక్రోఫారడుల కెపాసిటరు, 4,70,000 ఓముల నిరోధము కలిసినచోట 17 హెర్ట్జులకు పైనున్న స్వరములు సుఖముగ పోవును. కెపాసిటరు 0.002 మైక్రోఫారడులు మాత్రమే యైనచో ఈ హద్దు 170 హెర్ట్జులకు పెరుగును. మన వీణలోని 60, 80, 120 అచ్చటనే క్షీణించును. ఉపన్యాసములకు ఉద్దేశించిన యాంప్లిఫయరులలో మాట స్పష్టతకై మంద్రమును బుద్ధిపూర్వకముగనే తగ్గింతురు. ఉపన్యాసపు సెట్టుతో వీణకచేరి చేయించుట పొరపాటు.

రెండవ చౌకి ట్రాన్స్‌ఫార్మరు. వాల్వుకు కొన్నివేల ఓముల భారము కావలెను; స్పీకరు భారము 8 ఓములు. ఈ రెంటికి పొత్తు కుదుర్చునది ట్రాన్స్‌ఫార్మరు. దాని ఇనుపగుండెలో పుట్టు అయస్కాంతబలము, వోల్టేజి మారకున్నచో, కంపనసంఖ్య తగ్గినకొలది పెరుగును. 600 హెర్ట్జులకంటె 60 హెర్ట్జులకు అది పదిరెట్లు. ఇనుము చిన్నదైనచో బలమును భరింపలేక సంతృప్తి చెందును, స్వరము చిట్లును. కనుకనే మంచి మంద్రమునిచ్చు వాల్వు యాంప్లిఫయరును ఇద్దరు మోయవలసివచ్చును.

వాల్వునకు ఒక సుగుణము కలదు. శక్తికి మించి పని చెప్పినప్పుడు అది తరంగపు శిఖరమును ఒక్కసారిగ నరికివేయక మెల్లగ గుండ్రపరచును. అప్పుడు క్రొత్త అనుస్వరములు చేరును. చెవి అనుస్వరములనుండి మూలస్వరమును ఊహించునని చెప్పియుంటిమి గదా. అందుచే మంద్రము నిండుగ తోచును. అమెరికాలో ఫెండరు సంస్థ 1951లో బేస్ గిటారును, 1952లో దానికై ప్రత్యేకముగ బేస్‌మన్ అను వాల్వు యాంప్లిఫయరును తెచ్చెను. 1969లో ఆంపెగ్ సంస్థ 300 వాట్ల వాల్వు యాంప్లిఫయరును తయారుచేసెను. 1947లో ట్రాన్సిస్టరు పుట్టిన తరువాత సభల సెట్లలో వాల్వులు క్రమముగ తొలగిపోయినను, బేస్ గిటారు వాద్యకారులలో పలువురు నేటికిని వాల్వునే కోరుదురు.

ఇచ్చట ఒక వివేకము అవసరము. బేస్ గిటారు వాయించువానికి యాంప్లిఫయరు వాద్యములో ఒక భాగము. అది చేర్చు అనుస్వరములు అతని నాదములోనివే. వైణికునకు యాంప్లిఫయరు ఒక కిటికీ మాత్రమే. కిటికీ అద్దమునకు రంగుండరాదు. కనుక వీణకు వాల్వులైనను ట్రాన్సిస్టరులైనను వాని శక్తిలో సగమునకు మించి వాడకుండుట మంచిది.

గాలిని కదల్చుట

చివరి మెట్టు స్పీకరు. ఒకే బలముగల ధ్వనిని ఒక స్థాయి క్రిందికి దించినచో స్పీకరు కాగితపు గిన్నె నాలుగురెట్లు దూరము కదలవలెను. రెండు స్థాయిలు దించినచో పదునారురెట్లు. చిన్న గిన్నెకు అది అసాధ్యము. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము వంటి జనసమ్మర్దములో ప్రకటనలు వినిపించుటకు రేకుబాకాలు చక్కగ పనిచేయును. కాని అట్టి బాకా సుమారు 300 హెర్ట్జులకు క్రిందివానిని దాదాపు పలుకదు. ముందు ఎంత మంచి మైకు, ఎంత మంచి వాల్వు పెట్టినను బాకావద్ద వీణ ఓడిపోవును.

గిన్నె ముందుకు కదలినప్పుడు ముందు గాలి నొక్కుకొనును, వెనుక గాలి పలుచబడును. దీర్ఘతరంగములకు ముందు గాలి ప్రక్కనుండి వెనుకకు జారి ఆ లోటును పూడ్చును. ధ్వని పుట్టకయే చచ్చును. దీనిని ఆపుటకే చెక్కపెట్టె. బొబ్బిలి వద్ద గొల్లపల్లిలో వీణ చేయువారు ఒకే పనసదుంగను తొలిచి కుండను చేయుటలోను ఇట్టి సత్యమే కలదు. ఒంటరి తంత్రి గాలిని కోసికొని పోవును గాని కదల్పలేదు. పలక, కుండ తోడైనప్పుడే నాదము పుట్టును.

సభలో పాటింపవలసిన క్రమము

మొదట మైకు లేకుండ వాద్యమును వినవలెను. విజయనగరములో మహారాజావారి సంగీత కళాశాల 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రధానాచార్యులుగ ఆరంభమైననాటికి, శూన్యనాళములతో పెద్దసభలకు వినిపించు ప్రయత్నములు అమెరికాలో అప్పుడప్పుడే మొదలైయుండెను. నేటికిని చిన్న గదిలో మైకు లేకుండుటే మేలు.

పెద్దసభకు మైకు తప్పనప్పుడు దాని చోటును చెవితో నిర్ణయింపవలెను. మంద్రమునకు పెట్టెలనే వాడి, వానిని మైకులకు ముందు, సభవైపు నిలుపవలెను. పెట్టెను నేలపై ఉంచినచో నేల ప్రతిఫలనము తోడై మంద్రము హెచ్చును. ఇవి ముగిసిన తరువాతనే మంద్రపు మీటను ముట్టవలెను. ఆ మీటను పది డెసిబెల్లులు పెంచుటయనగా ఆ స్వరములకై యాంప్లిఫయరునుండి పదిరెట్ల శక్తి అడుగుటయని మరువరాదు.

మన విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది. దాని రొద 50, 100 హెర్ట్జులలో వినబడును. అనగా అనుమంద్ర, మంద్ర తంత్రుల ఇరుగుపొరుగున. మంద్రమును పెంచినప్పుడు రొదయు పెరుగును. ఎర్త్ తీగ సరిగ నుండుట, మైకు తీగను కరెంటు తీగతో కలిపి చుట్టకుండుట దీనికి మందు.

ఒక హెచ్చరిక. వాల్వు యాంప్లిఫయరులో 300 నుండి 500 వోల్టులవరకు ఉండును. కరెంటు తీసివేసినను కెపాసిటరులలో అది కొంతసేపు నిలిచియుండి ప్రాణము తీయగలదు. విద్యార్థులు దాని మూతను విప్పరాదు. స్పీకరు తగిలింపకుండ దానిని నడిపించినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును.

తరగతిలో చేయదగిన ప్రయోగము

పాత రేడియోనుండి తీసిన చిన్న స్పీకరును పాట వచ్చుచున్న రేడియోకు తగిలించి, గాలిలో పట్టుకొని వినుడు. ధ్వని కీచుగ నుండును. ఒక మీటరు వెడల్పుగల అట్టకు స్పీకరంత రంధ్రము చేసి దానివెనుక ఆ స్పీకరును ఆనించుడు. పాటలోని మృదంగము ఒక్కసారిగ మేల్కొనును. మీరు మీటను ముట్టలేదు; శక్తిని పెంచలేదు; జారిపోవు గాలిని ఆపితిరి, అంతియే.

మార్దంగికుడు కచేరికి ముందు తొప్పికి రవ్వముద్ద అంటించుటను కూడ విద్యార్థులకు చూపవచ్చును. చర్మపు బరువు పెరుగుటచే కంపనసంఖ్య తగ్గి మంద్రము పలుకును. అతడు ముద్దను కొంచెము తీసి, కొంచెము చేర్చి, వినుచు సరిచేయును. మైకుసెట్టు నడుపువాడును అతనివలె చెవి యొగ్గి, మైకును జరిపి జరిపి చూచిననాడు, చివరి వరుసలో చాపపై కూర్చున్న బాలునికి సైతము వీణ నాలుగు తంత్రులతోను వినబడును.